గ్రాముల నుంచి మోల్స్‌కి, మళ్ళీ గ్రాములకి: రసాయన చర్యల లెక్క అడుగడుగునా

బెంగళూరు మారతహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌కి వచ్చేవి ఎక్కువగా బోరు నీళ్ళు. కొన్నాళ్ళకోసారి గీజరు విప్పించామంటే కాయిల్ చుట్టూ తెల్లటి పెచ్చు రాయిలా పట్టి ఉంటుంది. మొన్న విప్పించినప్పుడు రాలిన పెచ్చుల్ని వంటింటి తూకం మీద పెట్టాను. 60 గ్రాములు వచ్చింది. ఆ సాయంత్రం ట్యూషన్‌కి వచ్చిన పీయూసీ (మన ఇంటర్) పిల్లలకి దాన్నే లెక్కగా ఇచ్చాను: ఈ పెచ్చు మొత్తం కరగాలంటే నిమ్మ ఉప్పు ఎంత కావాలి?

పెచ్చులో ప్రధానంగా ఉండేది కాల్షియం కార్బొనేట్. లెక్క తేలికగా ఉండటానికి మొత్తం అదే అనుకుందాం. నిమ్మ ఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లం. బోర్డు మీద సమీకరణం రాశాను. ఇక్కడ సంకేతాల బదులు పేర్లే రాస్తున్నాను, మీరు నోట్‌బుక్‌లో సంకేతాలు వేసుకోండి.

3 కాల్షియం కార్బొనేట్ + 2 సిట్రిక్ ఆమ్లం → 1 కాల్షియం సిట్రేట్ + 3 కార్బన్ డయాక్సైడ్ + 3 నీరు

అనంతపురం నుంచి వచ్చి స్థిరపడిన వాళ్ళ అమ్మాయి ఒకతె పెన్ను కూడా పట్టకుండానే చెప్పింది. "ఆంటీ, మూడుకి రెండు కదా. అరవైకి నలభై. 40 గ్రాములు!" మిగతా పిల్లల్లో చాలామంది తలూపారు.

సరైన జవాబు సుమారు 77 గ్రాములు. 40 గ్రాములు వేస్తే పెచ్చు సగమే కరుగుతుంది. ఆ అమ్మాయి గుణకారం, భాగహారం రెండూ తప్పు కావు. మూడుకి రెండు అన్నదీ తప్పు కాదు. ఆ మూడు, ఆ రెండు దేనికి సంబంధించిన అంకెలో పట్టించుకోలేదు, అంతే. ఏళ్ళ తరబడి చెబుతున్న అనుభవంతో అంటున్నాను, ఈ అధ్యాయంలో పిల్లలు పోగొట్టుకునే మార్కుల్లో ఎక్కువ భాగం ఇక్కడే పోతాయి.

సమీకరణం ముందున్న అంకెలు తూకం కాదు, లెక్కింపు

పెళ్ళికి తాంబూలం సంచులు కడుతున్నాం అనుకోండి. సంచికి ఒక కొబ్బరికాయ, రెండు వక్కలు. కేఆర్ మార్కెట్‌కి వెళ్ళి 50 కిలోల కొబ్బరికాయలు తెచ్చారు. ఎన్ని కిలోల వక్కలు తేవాలి? "ఒకటికి రెండు కాబట్టి 100 కిలోలు" అని ఎవరైనా అంటారా? అనరు. ముందు కాయలు ఎన్నో చూస్తారు. కాయ అరకిలో ఉంటే 50 కిలోలకి 100 కాయలు. 100 సంచులు అవుతాయి, 200 వక్కలు కావాలి. వక్క ఒక్కోటి 5 గ్రాములు ఉందనుకుంటే ఒక్క కిలో చాలు.

50 కిలోల పక్కన ఒక్క కిలో. అయినా రెండూ సరిగ్గా సరిపోయాయి. సంచికి కావలసింది ఇన్ని కాయలు, ఇన్ని వక్కలు అనే లెక్క. దుకాణంలో దొరికేది తూకం. తూకాన్ని లెక్కగా మార్చి, లెక్కలో నిష్పత్తి వేసి, ఆ లెక్కని మళ్ళీ తూకంగా మార్చాం. రసాయన చర్యలో చేసేది కూడా ఈ మూడు పనులే.

కాయలైతే వందల్లో లెక్కపెడతాం, అరటిపళ్ళు డజన్లలో. అణువులు మరీ చిన్నవి, మరీ ఎక్కువ. అందుకని వాటికి పెద్ద డజను ఒకటి పెట్టుకున్నారు. దాని పేరే మోల్. 2019 మే 20 నుంచి ఒక మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు. అంతకు ముందు 12 గ్రాముల కార్బన్-12లో ఎన్ని పరమాణువులుంటే అన్ని అని నిర్వచించేవారు. మోల్‌లోని ఈ కణాల సంఖ్యనే అవొగాడ్రో సంఖ్య అంటారు. 1811లో ఇటలీ శాస్త్రవేత్త అవొగాడ్రో చెప్పింది, ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో సమాన సంఖ్యలో అణువులుంటాయని. ఈ సంఖ్య ఆయన లెక్కించింది కాదు. ఆయన పేరు దానికి పెట్టింది ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ పెరాఁ, 1909లో.

గ్రాముల లెక్కల్లో ఆ పెద్ద సంఖ్యని మనం అసలు వాడం. దాన్ని చూసి టెన్షన్ పడాల్సిన పని లేదు. కణాల సంఖ్య అడిగినప్పుడే దాని అవసరం వస్తుంది.

మొదటి అడుగు: సమీకరణం తుల్యంగా ఉందో లేదో చూడండి

బాణానికి రెండు వైపులా ప్రతి మూలకం పరమాణువులూ సమానంగా ఉండాలి. పై సమీకరణంలో కాల్షియం ఎడమన 3, కుడిన 3. కార్బన్ ఎడమన కార్బొనేట్‌లో 3, రెండు సిట్రిక్ ఆమ్లాల్లో ఆరేసి చొప్పున 12, మొత్తం 15. కుడిన సిట్రేట్‌లో 12, కార్బన్ డయాక్సైడ్‌లో 3, మొత్తం 15. హైడ్రోజన్, ఆక్సిజన్ కూడా ఇలాగే చూసుకోండి. ఈ అడుగు తప్పితే తర్వాత ఎంత జాగ్రత్తగా చేసినా జవాబు రాదు. ప్రశ్నలో సమీకరణం ఇచ్చినా సరే, ఒకసారి చూడటం అలవాటు చేసుకోండి. కావాలనే తుల్యం చేయకుండా ఇచ్చే ప్రశ్నలు ఉంటాయి.

రెండో అడుగు: మోలార్ ద్రవ్యరాశి

వక్క ఒక్కోటి 5 గ్రాములు అనుకున్నట్టే, ఒక మోల్ పదార్థం ఎన్ని గ్రాములో తెలియాలి. ఆవర్తన పట్టికలో ఉన్న పరమాణు ద్రవ్యరాశుల్ని, ఫార్ములాలో ఎన్ని పరమాణువులుంటే అన్నిసార్లు కూడితే అదే మోలార్ ద్రవ్యరాశి. తరచూ అక్కరకొచ్చేవి: హైడ్రోజన్ 1.008, కార్బన్ 12.011, నైట్రోజన్ 14.007, ఆక్సిజన్ 15.999, సోడియం 22.990, కాల్షియం 40.078.

కాల్షియం కార్బొనేట్‌లో ఒక కాల్షియం, ఒక కార్బన్, మూడు ఆక్సిజన్‌లు: 40.078 + 12.011 + 47.997 = 100.09 గ్రాములు.

సిట్రిక్ ఆమ్లంలో 6 కార్బన్‌లు, 8 హైడ్రోజన్‌లు, 7 ఆక్సిజన్‌లు: 72.066 + 8.064 + 111.993 = 192.12 గ్రాములు.

ఈ అడుగులో మూడు చోట్ల కాలు జారుతుంది. కాస్త నింపాదిగా చదవండి.

ఒకటి, సమీకరణంలో ముందున్న అంకెని మోలార్ ద్రవ్యరాశిలో కలపకండి. "2 సిట్రిక్ ఆమ్లం" అని ఉంది కాబట్టి 384 అని రాసే పిల్లలు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. సంచికి రెండు వక్కలు కావాలన్నంత మాత్రాన వక్క బరువు 10 గ్రాములు అయిపోదు. ఆ 2 వాడే చోటు నాలుగో అడుగులో వస్తుంది.

రెండు, ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్, క్లోరిన్ వాయువులుగా ఉన్నప్పుడు జంటలుగా ఉంటాయి. ఆక్సిజన్ వాయువు ఒక మోల్ 32 గ్రాములు, 16 కాదు.

మూడోది స్ఫటిక జలం. మైలుతుత్తం నీలం స్ఫటికాల్లో ప్రతి కాపర్ సల్ఫేట్‌కీ ఐదు నీటి అణువులు అంటిపెట్టుకుని ఉంటాయి. నీళ్ళు లేని తెల్లటి పొడి మోలార్ ద్రవ్యరాశి 159.6. నీలం స్ఫటికాలది 249.7. నేను డిగ్రీ చదివేటప్పుడు ల్యాబ్‌లో 0.1 మోల్ తూచమంటే పుస్తకంలో మొదట కనిపించిన 159.6 పట్టుకుని 15.96 గ్రాముల నీలం స్ఫటికాలు తూచాను. అందులో నిజంగా ఉన్నది 0.064 మోల్ మాత్రమే. ఆ రోజు ప్రయోగంలో అంకెలు ఎందుకు కుదరడం లేదో తెలుసుకోవడానికి రెండు గంటలు పట్టింది. అప్పటి నుంచి సీసా మీద లేబుల్ పూర్తిగా చదివాకే తూకం ముట్టుకుంటాను. నిమ్మ ఉప్పు కూడా రెండు రకాలుగా దొరుకుతుంది. నీళ్ళు లేనిది 192.12, ఒక నీటి అణువు కలిసి ఉన్నది 210.14. ప్యాకెట్ మీద మోనోహైడ్రేట్ అని ఉంటే రెండోది. మన లెక్కకి నీళ్ళు లేనిదే తీసుకుందాం.

మూడో అడుగు: గ్రాముల్ని మోల్స్‌గా

మోల్స్ = గ్రాములు ÷ మోలార్ ద్రవ్యరాశి

60 గ్రాముల పెచ్చు: 60 ÷ 100.09 = 0.5995 మోల్స్.

భాగించాలా, గుణించాలా అన్న అనుమానం వస్తే సూత్రం బట్టీ పట్టకండి, ప్రమాణాలు రాయండి. మోలార్ ద్రవ్యరాశి అంటే "మోల్‌కి ఇన్ని గ్రాములు". గ్రాముల్ని దానితో భాగిస్తే గ్రాములూ గ్రాములూ కొట్టుకుపోయి మోల్ మిగులుతుంది. గుణిస్తే గ్రాముల వర్గం వస్తుంది, అలాంటిదేదీ లేదు. ప్రతి అంకె పక్కన ప్రమాణం రాసే విద్యార్థి ఇక్కడ తప్పు చేయడం నేను దాదాపు చూడలేదు.

కిలోలు, మిల్లీగ్రాములు ఇస్తే ముందే గ్రాముల్లోకి మార్చుకోండి.

నాలుగో అడుగు: మోల్స్ నుంచి మోల్స్‌కి

సమీకరణంలోని అంకెలు వాడే చోటు ఇదొక్కటే. ఏది కావాలో దాని అంకె పైన, ఏది తెలుసో దాని అంకె కింద. 3 మోల్స్ కార్బొనేట్‌కి 2 మోల్స్ ఆమ్లం కాబట్టి:

0.5995 × 2 ÷ 3 = 0.3997 మోల్స్ సిట్రిక్ ఆమ్లం.

ఆ అమ్మాయి చెప్పిన "మూడుకి రెండు" ఇక్కడ సరిగ్గా కూర్చుంది.

ఐదో అడుగు: మోల్స్‌ని మళ్ళీ గ్రాములుగా

గ్రాములు = మోల్స్ × మోలార్ ద్రవ్యరాశి

0.3997 × 192.12 = 76.8 గ్రాములు.

ఇప్పుడు 40 గ్రాములే వేస్తే ఏమయ్యేదో కూడా చూద్దాం. 40 ÷ 192.12 = 0.2082 మోల్. దానికి సరిపోయే కార్బొనేట్ 0.2082 × 3 ÷ 2 = 0.3123 మోల్, అంటే 31.3 గ్రాములు. 60లో దాదాపు 29 గ్రాములు రాయిలా అలాగే ఉండిపోతుంది. ఈ లెక్క ఆ అమ్మాయి చేతే చేయించాను. ఒక తప్పు జవాబుని ఇలా చివరిదాకా తీసుకెళ్ళి చూస్తే అది ఎందుకు తప్పో మనసులో నిలుస్తుంది.

ఇంట్లో నిజంగా చేసేటప్పుడు లెక్క కన్నా ఎక్కువే వేయాలి. కాల్షియం సిట్రేట్ నీళ్ళలో అంతగా కరగదు. ఆమ్లం ఎక్కువగా ఉంటే కరగడానికి వీలవుతుంది. పైగా పెచ్చులో మెగ్నీషియం లవణాల్లాంటివీ కొంత ఉంటాయి.

ఆరో అడుగు: కూడి చూడండి

ఎక్కువ మంది వదిలేసే అడుగు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. పదార్థం ఎక్కడికీ మాయం కాదు కాబట్టి లోపలికి వెళ్ళిన గ్రాములూ బయటికి వచ్చిన గ్రాములూ సమానం కావాలి.

వెళ్ళింది: 60 + 76.78 = 136.78 గ్రాములు.
వచ్చింది: కాల్షియం సిట్రేట్ 0.1998 × 498.43 = 99.60. కార్బన్ డయాక్సైడ్ 0.5995 × 44.01 = 26.38. నీరు 0.5995 × 18.015 = 10.80. మొత్తం 136.78.

మోల్స్ మాత్రం సమానం కానక్కర్లేదు. ఎడమన 5 మోల్స్, కుడిన 7. ఇది చూసి కంగారు పడే పిల్లలున్నారు. తూకం నిలుస్తుంది, పరమాణువుల లెక్క నిలుస్తుంది, అణువుల సంఖ్య మారవచ్చు.

మధ్యలో అంకెల్ని కుదించకండి. క్యాలిక్యులేటర్‌లో నాలుగు అంకెలైనా ఉంచుకుని చివర్లో కుదించండి.

వంట గ్యాస్‌తో ఇంకోసారి

అడుగులు చేతికి రావాలంటే ఇంకో లెక్క చేయాలి. ఇంటి సిలిండర్‌లో గ్యాస్ 14.2 కిలోలు. అది ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. మొత్తం బ్యూటేన్ అనుకుని, పూర్తిగా మండితే ఎంత కార్బన్ డయాక్సైడ్ వస్తుందో చూద్దాం.

2 బ్యూటేన్ + 13 ఆక్సిజన్ → 8 కార్బన్ డయాక్సైడ్ + 10 నీరు

బ్యూటేన్‌లో 4 కార్బన్‌లు, 10 హైడ్రోజన్‌లు: 58.12. మోల్స్: 14,200 ÷ 58.12 = 244.3. నిష్పత్తి 8 ÷ 2, అంటే 4 రెట్లు: 977.2 మోల్స్. గ్రాముల్లో 977.2 × 44.01 = సుమారు 43,000. అంటే 43 కిలోలు.

14 కిలోల గ్యాస్ నుంచి 43 కిలోలా! పిల్లలు నమ్మరు, ఎక్కడో గుణకారం తప్పిందంటారు. ఆరో అడుగు వేయమంటాను. ఆక్సిజన్ 244.3 × 6.5 = 1,588 మోల్స్, అంటే 50.8 కిలోలు గాలి నుంచి వచ్చి కలిసింది. నీరు 22 కిలోలు వెళ్ళింది. 14.2 + 50.8 = 65. 43 + 22 = 65. మన వంటింట్లో మండేది సిలిండర్‌లో ఉన్న గ్యాస్ ఒక్కటే కాదు, దానికి మూడున్నర రెట్ల బరువున్న ఆక్సిజన్ కూడా అందులో పాల్గొంటోంది. వంటింటి కిటికీ తెరిచి ఉంచమని పెద్దవాళ్ళు చెప్పే మాట వెనక ఈ 50 కిలోలు ఉన్నాయి.

రెండు పదార్థాల బరువులూ ఇస్తే

అప్పుడు ఏది ముందు అయిపోతుందో తేల్చుకోవాలి. దాన్నే పరిమిత కారకం అంటారు. కొబ్బరికాయలు 100, వక్కలు 160 ఉంటే వక్కలు 80 సంచులకే సరిపోతాయి, 20 కాయలు మిగిలిపోతాయి. వక్కల సంఖ్య ఎక్కువే, అయినా ముందు అయిపోయేది అవే.

28 గ్రాముల నైట్రోజన్, 7 గ్రాముల హైడ్రోజన్ తీసుకున్నామనుకోండి. 1 నైట్రోజన్ + 3 హైడ్రోజన్ → 2 అమోనియా. బరువు చూస్తే హైడ్రోజన్ ముందు అయిపోతుందనిపిస్తుంది, నాలుగో వంతే ఉంది కదా.

నైట్రోజన్: 28 ÷ 28.014 = 0.9995 మోల్. హైడ్రోజన్: 7 ÷ 2.016 = 3.472 మోల్స్. ఇప్పుడు ఒక్కోదాన్నీ సమీకరణంలో దాని అంకెతో భాగించండి. నైట్రోజన్ 0.9995 ÷ 1 = 0.9995. హైడ్రోజన్ 3.472 ÷ 3 = 1.157. ఏది చిన్నదైతే అది ముందు అయిపోతుంది. ఇక్కడ నైట్రోజన్. ఇక నుంచి లెక్కంతా నైట్రోజన్‌తోనే: అమోనియా 1.999 × 17.031 = 34.05 గ్రాములు. హైడ్రోజన్ 0.95 గ్రాము మిగులుతుంది. 34.05 + 0.95 = 35. కుదిరింది.

ఒక్క జాగ్రత్త. అంకెతో భాగించి వచ్చిన సంఖ్యలు పోల్చడానికి మాత్రమే. తర్వాతి లెక్కకి అసలు మోల్స్‌నే తీసుకోండి. ఇంకోటి, 34.05 అనేది కాగితం మీద వచ్చే గరిష్ఠం. అమోనియా చర్య రెండు దిక్కులా నడిచేది, నిజంగా అంత రాదు. 30 గ్రాములే వచ్చిందని ప్రశ్నలో ఇస్తే దిగుబడి శాతం 30 ÷ 34.05 × 100 = 88.1.

గ్రాములు కాకుండా లీటర్లు ఇస్తే

మోల్ దగ్గరకి చేరే దారి మారుతుంది, మిగతాదంతా అదే. ద్రావణమైతే మొలారిటీని, అంటే లీటరు ద్రావణంలో ఉన్న మోల్స్‌ని, లీటర్లతో గుణించండి: 0.5 మొలార్ ఆమ్లం 40 మిల్లీలీటర్లు అంటే 0.5 × 0.040 = 0.02 మోల్.

వాయువైతే ఒత్తిడి, ఉష్ణోగ్రత చూడాలి. ఒక మోల్‌కి 22.4 లీటర్లు అన్నది 0 డిగ్రీలు, 1 అట్మాస్ఫియర్ దగ్గర. 0 డిగ్రీలు, 1 బార్ అయితే 22.7. మన బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది, గాలి ఒత్తిడి 0.9 అట్మాస్ఫియర్ దగ్గర ఉంటుంది. 25 డిగ్రీల రోజున ఇక్కడ ఒక మోల్ వాయువు 27 లీటర్ల పైచిలుకు చోటు తీసుకుంటుంది. మన గీజరు పెచ్చు నుంచి వచ్చిన 0.5995 మోల్ కార్బన్ డయాక్సైడ్ 22.4తో గుణిస్తే 13.4 లీటర్లు, నిజానికి మా బాల్కనీలో అది 16 లీటర్ల పైనే. పరీక్షలో ఏ పరిస్థితులు ఇచ్చారో చదివి దానికి తగ్గ అంకె వాడండి.

మీరే చేయండి

ఒకటి. 42 గ్రాముల వంట సోడాని వేడి చేశారు. 2 సోడియం బైకార్బొనేట్ → 1 సోడియం కార్బొనేట్ + 1 కార్బన్ డయాక్సైడ్ + 1 నీరు. కార్బన్ డయాక్సైడ్ ఎంత? బైకార్బొనేట్ మోలార్ ద్రవ్యరాశి 84.01.

రెండు. 100 గ్రాముల ఇనుము పూర్తిగా ఫెర్రిక్ ఆక్సైడ్‌గా మారితే దాని బరువెంత? 4 ఇనుము + 3 ఆక్సిజన్ → 2 ఫెర్రిక్ ఆక్సైడ్. ఇనుము 55.845, ఫెర్రిక్ ఆక్సైడ్ 159.69.

మూడు. 0.25 మోల్ మైలుతుత్తం నీలం స్ఫటికాలు కావాలి. ఎన్ని గ్రాములు తూచాలి?

జవాబులు చూసే ముందు మొదటి రెండిటికీ ఆరో అడుగు వేయండి. మొదటిది 11.0 గ్రాములు: 0.5 మోల్ నుంచి 0.25 మోల్. సోడియం కార్బొనేట్ 26.5, నీరు 4.5 కలిపితే మళ్ళీ 42. రెండోది 143 గ్రాములు, గాలి నుంచి చేరిన ఆక్సిజన్ 43. మూడోది 62.4 గ్రాములు. 39.9 వచ్చిందంటే స్ఫటికాల్లో ఉన్న ఐదు నీటి అణువుల్ని మీరు కూడా మర్చిపోయారన్నమాట, రెండో అడుగు ఇంకోసారి చదవండి.